వదిన పెట్టిన ధర

మెట్ల కింది షాపు నుంచి,
ముసురు పట్టిన సోమవారం

కౌంటర్ మహారాణి వదిన గారికి,

నువ్వు బస్సులో వేసిన పార్సిల్ అందింది. అడిగినవి తెల్ల డబ్బా కంపెనీ వాళ్ళ గ్రాఫిక్స్ కార్డులు రెండు, వచ్చినవీ రెండే, కాబట్టి మెచ్చుకోవాలి. వాటికి బదులు రెండు నల్ల డబ్బావి పంపుతున్నాను. ఉత్తరం కార్డు కింద స్పాంజిలో ఉంటుంది, పోయినసారిలా పెట్టెతో పాటు చెత్తబుట్టలో వేయకు. ఫోన్లో మాట్లాడుకుంటే మనిద్దరికీ పడదని అన్నయ్య పెట్టిన ఈ రాతల శిక్ష నాకు బాగానే ఉంది. రాసేటప్పుడు నువ్వు మధ్యలో అందుకోలేవు.

విషయానికి వస్తాను. డిస్ట్రిబ్యూటర్ మనిషి నీ దగ్గరికీ వచ్చాడని తెలిసింది. నల్ల డబ్బా కంపెనీ వాళ్ళ కొత్త పెద్ద గ్రాఫిక్స్ కార్డు చలికాలం అయ్యాక వస్తోంది. పీసులు తక్కువట. మీ ఊరికీ మా ఊరికీ కలిపి ఒక్క షాపుకే ఇస్తాడట. ఇప్పుడున్న పెద్ద కార్డు ఈ సీజన్లో ఎవరు ఎక్కువ అమ్మితే వాళ్ళకే. అంటే నీకో, నాకో.

నా సంగతి నీకు తెలుసు. ఆ కార్డు రాకపోతే నాది మౌసులూ కీబోర్డులూ అమ్ముకునే కొట్టు. ఇక్కడికి వచ్చి రెండేళ్ళయినా అద్దాల బీరువాలో అలాంటి కొత్త కార్డు కోసమని ఉంచిన పై అర ఖాళీగానే ఉంది. ఆ అర నింపి చూపించాలనే అన్నయ్య షాపు వదిలి వచ్చాను. అందుకని ముందే చెప్తున్నాను, ఈ సీజన్ అయ్యేదాకా మనకి వరసలేమీ లేవు.

మీ షాపు కొత్త బోర్డు ఫొటో అన్నయ్య పంపాడు. బాగుంది. దాని కింద నువ్వు నిలబడిన తీరు ఇంకా బాగుంది, ఆ షాపు నీతోనే పుట్టినట్టు. ఆ గోడలకి అరలు కొట్టించింది నేను. నువ్వు పెళ్ళయి వచ్చిన కొత్తలో గ్రాఫిక్స్ కార్డు చేతిలోకి తీసుకుని "ఇది ఫ్యానా, హీటరా" అని అడిగావు. ఇప్పుడేమో పాత కస్టమర్లు నాకు ఫోన్ చేసి మరీ "మీ వదినగారు ఎంత ఓపిగ్గా చెప్తారండీ" అంటున్నారు. నాకు ఓపిక లేదని వాళ్ళ భావం. ఇదంతా అసూయ అనుకుంటావేమో. అసూయే, దానికి ఇంకో పేరు వెతకను.

అయినా మన వ్యాపారం నడిచేదే అసూయ మీద. చిన్న కార్డు కొనేవాడు అవసరానికి కొంటాడు. పెద్ద నల్లది కొనేవాడు పక్కవాడి దగ్గర లేదని కొంటాడు. తెల్ల డబ్బా వాళ్ళు దాదాపు అంతే పనిచేసే కార్డుని మూడింట రెండొంతుల ధరకి తెచ్చినా, నల్ల డబ్బా వాళ్ళు పైసా తగ్గించలేదు చూశావా. పైన ఇంకొకడు లేనంతకాలం వాడు చెప్పిందే ధర. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని తెల్ల డబ్బా వాళ్ళు అంటూనే ఉన్నారు. నీతో నేనూ అదే అంటున్నాను. రేపటి నుంచి నా వెబ్‌సైటులో ధర తగ్గుతుంది, చూసుకో.

అన్నయ్యని అడిగానని చెప్పు.

కందిరీగ

*

పాత షాపు, కౌంటర్ వెనక,
గురువారం మధ్యాహ్నం

అర్ధమొగుడు గారికి,

ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు. అసలు మొగుడు ఇంత పొడుగు ఉత్తరం నాకు ఒక్కటీ రాయలేదు. వయసులో నీకంటే ఎనిమిది నెలలు చిన్నదాన్ని, వరసకి పెద్దదాన్ని. కాబట్టి నువ్వు ఎన్ని అన్నా వినేసి ఊరుకోవడం నా ఉద్యోగంలో భాగం.

ఫ్యానా, హీటరా అని అడిగిన మాట నిజమే. రెండూనూ అని తర్వాత నాకే తెలిసింది.

ఇక్కడ అంతా మామూలే. మీ అన్నయ్య వెనక గదిలో భూతద్దం పెట్టుకుని కాలిపోయిన కార్డుల మీద వంగి కూర్చుంటున్నారు. అన్నానికి మూడుసార్లు పిలిస్తే ఒకసారి వస్తారు. వచ్చినా నీ మాట ఎత్తకుండా ఆయనకి ముద్ద దిగదు. స్టాకు నేను ఎంత చక్కగా సర్దినా "చెల్లి అయితే వరస ఇటు నుంచి పెట్టేది" అంటారు. నిన్న నేను ఒక పెద్ద కార్డు అమ్మాను, బేరం లేకుండా, నా అంతట నేను. సంతోషంగా వెళ్ళి చెప్తే "చెల్లి చెప్పిందా ఆ కస్టమరుకి ఎలా చెప్పాలో" అని అడిగారు. నీకు చెప్పుకోవడం ఎందుకంటే, నీ కస్టమర్లు నన్ను మెచ్చుకుంటున్నారని నువ్వు ఏడుస్తున్నావు కదా, నా పరిస్థితీ కాస్త తెలియాలని.

కొత్త కార్డు మాకూ కావాలమ్మా. పెద్ద కార్డులు అమ్మిన షాపుకే వాటి రిపేర్లు వస్తాయి. అవి రాకపోతే ఆయన ఆ వెనక గదిలో దేని మీద వంగుతారు? ధర తగ్గించుకుంటావో పెంచుకుంటావో నీ ఇష్టం. నేను మాత్రం అందరూ పెట్టినట్టే పెడతాను.

తెల్ల డబ్బావి ఇంకో రెండు ఉన్నాయి, కావాలంటే రాయి. నీ మీద కోపం లేదు, రాస్తూ ఉంటే కొంచెం వచ్చింది.

వదిన

*

మెట్ల కింది షాపు నుంచి,
బోణీ బాగున్న బుధవారం

వదినకి,

తొమ్మిది అమ్మాను. ఈ ముక్క చెప్పడానికే ఈ ఉత్తరం, మిగతాదంతా కాగితం నింపడానికి.

నేను ధర ఎలా నిర్ణయిస్తానో అడగకు, నాకో పద్ధతి ఉంది. పొద్దున షట్టరు తీసేసరికి ధర సిద్ధంగా ఉంటుంది. చుట్టుపక్కల నాకంటే తక్కువకి ఎవరూ ఇవ్వలేరు. ఇవ్వకూడదు కూడా. కానీ ఒక విచిత్రం ఏమిటంటే నేను తగ్గించిన పూటే నువ్వూ తగ్గిస్తున్నావు. పైసా అటూ ఇటూ లేకుండా సరిగ్గా నా ధరకే వస్తున్నావు. "అందరూ పెట్టినట్టే పెడతాను" అన్నావు కదా, మరి ఈ అందరూ ఎవరు? నా కస్టమరు ఒకడు నా కౌంటరు మీద మోచేతులు ఆనించి, ఫోన్లో నీ షాపు చూపించి, "అక్కడా ఇదే ధర, అక్కడైతే రిపేరు కూడా చేస్తారు" అని వెళ్ళిపోయాడు. వాడి వెనకాలే పరిగెత్తి ఏదో ఒకటి అనాలనిపించింది. షాపులో ఇంకెవరూ లేక ఆగిపోయాను.

ఇదివరకు ఆ కౌంటర్లో నేనుండగా ఇలాంటి వెంటాడే పోటీ ఎవరైనా పెడితే, "వాడి మొహం, వాడికి సొంత బుర్ర లేదు" అని అన్నయ్యా నేనూ నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు మీరిద్దరూ కూర్చుని నా మీద నవ్వుకుంటున్నారేమో. అన్నయ్య రిపేరు పనులకి అలవాటు పడ్డాడు, ధరల జోలికి రాడు. కాబట్టి ఇది నీ పనే.

నువ్వు ఎంత దిగినా నేను దిగుతాను. దిగడంలో నాకు అనుభవం ఉంది, ఆ ఇంటి మెట్లు పెట్టె పట్టుకుని ఒక్కదాన్నే దిగాను. మీరిద్దరూ గుమ్మంలో నిలబడి జాగ్రత్త అన్నారు. వెళ్ళొద్దని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు.

తెల్ల డబ్బావి వద్దు.

కందిరీగ

*

పాత షాపు, భోజనాల బల్ల దగ్గర,
ఆదివారం

మరదలికి,

వెళ్ళొద్దని నేను ఎలా అంటాను? నేను వచ్చాకే నువ్వు వెళ్తున్నావని ఊరంతా అనుకుంటూ ఉంటే, నేను ఆపితే నాటకం అంటావు, ఆపకపోతే కుట్ర అంటావు. అందుకని జాగ్రత్త అన్నాను. జాగ్రత్త అన్న మాటలో తప్పుంటే చెప్పు, వెనక్కి తీసుకుంటాను.

ఇంతకీ నువ్వు ఎందుకింత తగ్గిస్తున్నావో నాకు అర్థం కావడం లేదు. పెద్ద కార్డు మొదట రెండు లక్షలుండేది, ఇప్పుడు లక్షా ఎనభైకి వచ్చింది. రవాణా, కరెంటు, అద్దె వేసుకుంటే ఇందులో మిగిలేది టీ ఖర్చు. మీ అన్నయ్యని అడిగితే తలెత్తకుండానే "చెల్లి ఊరికే తగ్గించదు. కంపెనీ ధర తగ్గబోతోందని దానికి ఎక్కడో తెలిసుంటుంది. ముందే అమ్ముకుని బయటపడుతోంది, తెలివైంది" అన్నారు. అలాంటిదేమైనా ఉంటే నాకూ ఒక ముక్క రాయకూడదా? పోటీ పోటీయే అనుకో, మునిగిపోయే పడవ అని తెలిసినప్పుడైనా కేక వేస్తారు కదా.

ఇంకో మాట. కళ్ళజోడు పెట్టుకున్నాయన ఒకరు వచ్చారు. చాలా మర్యాదస్తుడు. బూట్లు బయట తుడుచుకుని మరీ లోపలికి వచ్చారు. ఒకేసారి నాలుగు కార్డులు కొన్నారు. ఏ పనికండీ అంటే, ఊరికే ఇష్టం అన్నారు. నీ షాపు కూడా తెలుసట. "ఆ అమ్మాయి కూడా మంచిది, ఇద్దరూ మంచివాళ్ళే" అని నవ్వారు. ఎందుకో ఆ నవ్వు నాకు నచ్చలేదు, కానీ డబ్బు ఇచ్చిన మనిషి నవ్వుకి పేరు పెట్టలేం కదా.

నేను అడిగిన దానికి జవాబు రాయి. కోపం తర్వాత రాయొచ్చు.

వదిన

*

మెట్ల కింది షాపు నుంచి,
శుక్రవారం, షట్టరు సగం దించి

వదినా,

నాకేదో తెలుసని, దాన్ని నీకు చెప్పడం లేదని అంటావా? ఎంత అమాయకత్వం. నువ్వు వెనక నుంచి నెడుతూ, పడిపోతున్నావేమిటని నన్నే అడుగుతున్నావు.

ఈ రోజు లక్షా అరవై ఆరు. కొన్న ధర లక్షా డెబ్బై అని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అమ్మిన ప్రతి డబ్బాతో పాటు నా జేబులోంచి నాలుగు వేలు కూడా పెట్టి ఇస్తున్నాను. అయినా నువ్వు ఆగవు. పొద్దున తగ్గిస్తే మధ్యాహ్నానికి వస్తావు, మధ్యాహ్నం తగ్గిస్తే షాపు మూసేలోపు వస్తావు. నువ్వు ఆగు, నేను ఆగుతాను. ముందు నేను ఆగను. ఆగితే ఆ కార్డు నీదవుతుంది. అన్నీ నీవే అయ్యాయి కదా, ఇది ఒక్కటి నాకు మిగిలితే ఏం పోయింది?

అన్నీ అంటే ఏమిటని అడుగుతావు. చెప్తాను. నాన్న ఇచ్చిన షాపు అన్నయ్యకి వెళ్ళింది, సరే. అన్నయ్య నీకు వెళ్ళాడు, అదీ సరే, లోకం అంతే. కానీ ఆ పని నాది వదినా. ఏ కార్డు ఎంత వేడెక్కుతుందో, ఏ కంపెనీ ఎప్పుడు ధర దించుతుందో, ఎవడు చూసి పోయేవాడో ఎవడు కొనేవాడో నేను ఒక్కో రోజు ఒక్కోటి నేర్చుకున్నాను. నువ్వు వచ్చి నవ్వుతూ కూర్చున్నావు. ఏడాది తిరిగేసరికి "ఓపికైన వదినగారు" అయిపోయావు. నేను బతికుండగానే నా చోట్లో నువ్వు కుదురుకున్నావు. ఇక్కడ రోజూ పొద్దున తాళం తీసి ఖాళీ అర చూసినప్పుడల్లా నువ్వే కనిపిస్తావు.

నీ కళ్ళజోడాయన ఇక్కడికీ వచ్చి ఏడు తీసుకెళ్ళాడు. నాతోనూ అదే అన్నాడు, ఇద్దరూ మంచివాళ్ళే అని. నిన్నూ నన్నూ ఒకే గాటన కట్టడం ఒక్కటే నాకు నచ్చలేదు.

జవాబు అక్కర్లేదు. ధర పెంచు చాలు.

పేరు రాయను, చేతిరాత నీకు తెలుసు.

*

పాత షాపు, వంటగది కిటికీ దగ్గర,
శనివారం

అమ్మాయ్,

జవాబు వద్దన్నావు, అయినా రాస్తున్నాను. మీ అన్నయ్యకి చూపించకుండా రాస్తున్న మొదటి ఉత్తరం ఇది.

నేను నిన్ను తరమలేదు. నీ వెనక నడిచాను.

నాకు ధర పెట్టడం రాదు. మిగతావన్నీ నేర్చుకున్నాను. ఏ కార్డుకి ఎంత కరెంటు కావాలో, ఏది ఏ పెట్టెలో పడుతుందో నిద్రలో అడిగినా చెప్తాను. ధర మాత్రం రాదు. నువ్వు వెళ్ళిన వారానికే మీ అన్నయ్యని కూర్చోబెట్టి నేర్పమన్నాను. ఆయన తల గోక్కుని, "అది నాకూ రాదు. చెల్లి ఎంత పెడితే అంత పెట్టు. చెల్లి ధర తప్పు పెట్టదు" అన్నారు. అప్పటి నుంచి రెండేళ్ళుగా నేను చేస్తున్నది అదే. పొద్దున గిన్నెలు కడిగి చెయ్యి తుడుచుకుని నీ వెబ్‌సైటు తెరుస్తాను. నువ్వు ఎంత పెడితే అంత పెడతాను. మధ్యాహ్నం ఇంకోసారి చూస్తాను. "అందరూ పెట్టినట్టే" అని రాశాను కదా, ఆ అందరూ నువ్వే. ఒప్పుకోవడానికి సిగ్గేసి అలా రాశాను.

సిగ్గు కూడా కాదు, ఇప్పుడు దాచడం ఎందుకు. ఒళ్ళు మంట. నా ఇంట్లో, నా కౌంటర్లో, నా మొగుడి పక్కన నీ ధర చీటీ రాసుకుని అంటించుకోవడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. నా చేత్తో రాసిన చీటీలో మాట నీది. నువ్వు వెళ్ళినా వెళ్ళలేదు. కూర్చోవడానికి నీ చోటు దొరికింది నాకు, అంతే. ఆ చోట్లో కూర్చున్న మనిషిగా మీ అన్నయ్య నన్ను ఇంతవరకూ చూడలేదు. నీ చోటు నేను లాక్కున్నానని నువ్వు ఏడుస్తున్నావు. అది నాకు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని నేను ఏడుస్తున్నాను.

నువ్వు దిగుతూ ఉంటే నాకు భయం వేసింది. అయినా దిగాను. నిన్ను కాదని నా అంతట ఒక అంకె వేసి, అది తప్పయితే, "చెల్లి అయితే" అన్న మాట మళ్ళీ వినాల్సి వస్తుందని. తప్పో ఒప్పో నీ అంకె వేస్తే ఆయన ఏమీ అనరు.

ఎందుకు తగ్గిస్తున్నావో ఇప్పుడైనా చెప్పు. నీకు ఏదో తెలిసే తగ్గిస్తున్నావని నేను ఇంకా నమ్ముతూనే ఉన్నాను.

వదిన

*

మెట్ల కింది షాపు నుంచి,
మంగళవారం

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి నవ్వొచ్చింది, మూడోసారి షాపు మూసి కూర్చున్నాను.

నాకేమీ తెలియదు. కంపెనీ కబురు లేదు, మన్నూ లేదు. నా పద్ధతి అని గొప్పగా రాశానే, అది ఒక చిన్న ప్రోగ్రాం. నేనే రాసుకున్నాను. రోజూ రెండుసార్లు అది నీ వెబ్‌సైటుకి వెళ్ళి నీ ధర చూస్తుంది. దానికంటే ఐదువందలు తక్కువ నా షాపులో పెడుతుంది. దానికి తెలిసింది అంతే. ఊళ్ళో ఇంతమంది పోటీదారులుండగా నిన్నొక్కదాన్నే చూడమని చెప్పాను. కొన్న ధర కంటే కిందికి వెళ్ళకు అని ఒక్క గీత రాసి ఉంటే ఆగేది. నువ్వే ముందు ఆగుతావన్న పంతంలో ఆ గీత రాయలేదు.

అంటే నువ్వు నన్ను చూసి పెట్టావు, నా ప్రోగ్రాం నిన్ను చూసి తగ్గించింది, మళ్ళీ నువ్వు నన్ను చూశావు. ధర ఎంతుండాలో ఇద్దరిలో ఒక్కరూ ఆలోచించలేదు. నేను నీతో కొట్లాడుతున్నాననుకున్నాను. అద్దంలో మనిషిని చూసి మొరుగుతున్నానని తెలియలేదు.

ఇంకా ఉంది. నల్ల డబ్బా వాళ్ళు పాత పెద్ద కార్డు తయారీ ఆపేశారు. కొత్తది వచ్చేదాకా మార్కెట్లో ఉన్నవే ఉన్నవి. మన కళ్ళజోడాయన ఆన్‌లైన్లో రెండు లక్షల ముప్పై వేలకి అమ్ముతున్నాడు, మనం ఇచ్చిన డబ్బాలే. నా షాపు స్టిక్కరు కూడా పీకలేదు, అంత ధీమా. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటే ఇదే. ఇద్దరూ మంచివాళ్ళే అని ఎందుకన్నాడో ఇప్పుడు అర్థమయింది.

ప్రోగ్రాం తీసేశాను.

కానీ వదినా, ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. "చెల్లి ధర తప్పు పెట్టదు." ఆ మాట అన్నయ్య నాతో ఒక్కసారి కూడా అనలేదు. అక్కడున్న అన్నేళ్ళూ నేను ధర పెడితే చూసి ఊఁ అనేవాడు, అంతే. ఆ ఊఁ తీసుకుని నేను ఇల్లు వదిలి వచ్చాను. అసలు మాట నీతో అన్నాడు. అది కూడా నీకే దక్కింది. నష్టం లెక్క చూసుకుంటుంటే కూడా నాకు ముందు మండింది అక్కడే.

సరే, జరిగింది జరిగింది. ఇక నేను చెప్పినట్టు చెయ్యి. మిగిలినవాటికి రెండు లక్షల ఐదు వేలు పెట్టు. కళ్ళజోడాయన కంటే తక్కువ, మనకి నష్టం లేదు. నేనూ అదే పెడతాను. నా దగ్గర ఆరు ఉన్నాయి. నీ దగ్గర వెబ్‌సైటులో రెండు కనిపిస్తున్నాయి. డిస్ట్రిబ్యూటర్ లెక్కలో ఇద్దరం ఇప్పుడు ఒకటీ అరా తేడాలో ఉన్నాం. ఈసారి న్యాయంగా చూసుకుందాం.

కందిరీగ

*

పాత షాపు, కౌంటర్ వెనక,
సోమవారం

మరదలికి,

నువ్వు చెప్పిన ధర నేను పెట్టలేదు.

రెండు లక్షల ఇరవై ఐదు పెట్టాను. ఎవరినీ చూడలేదు, ఎవరినీ అడగలేదు. చీటీ రాసి అంటించి, మీ అన్నయ్య ఏమంటారోనని వెనక గది గుమ్మంలో నిలబడ్డాను. ఆయన చదివి "చెల్లి ఇంత పెట్టిందా" అన్నారు. లేదు, నేను పెట్టాను అన్నాను. చేతిలో పని పక్కన పెట్టి ఆ చీటీ ఇంకోసారి చదివారు.

ఎందుకంత పెట్టానో చెప్తాను. పెద్ద కార్డు కొనేవాడు పక్కవాడి మీద అసూయతో కొంటాడని రాశావు. నీ షాపుకి వచ్చే గేముల పిల్లల విషయంలో అది నిజమేనేమో. నా కౌంటర్ ముందు నిలబడేవాళ్ళకి అసూయ కంటే భయం ఎక్కువ. వీధి చివర యానిమేషన్ స్టూడియో అమ్మాయి ఉంది. పని మధ్యలో కార్డు పోతే ఆమెకి వారం పని పోతుంది. ఆమె ఎప్పుడూ నన్ను ధర అడగలేదు. పాడైతే ఏం చేస్తారని అడిగింది, అదీ నాలుగుసార్లు. ఓపిగ్గా చెప్తానని నన్ను మెచ్చుకునేది ఇలాంటివాళ్ళే. అందుకని ధర కింద ఇంకో మాట రాశాను. కార్డు ఆగిపోతే అదే రోజు షాపు నుంచి ఇంకో కార్డు ఇస్తాం, పాతది బాగయ్యేదాకా వాడుకోవచ్చు. బాగుచేసే మనిషి వెనక గదిలో ఉన్నారు కదా. ఆమె ఐదు కొంది. ఆమె చెప్తే ఇంకొకాయన మూడు.

రెండే కదా ఉన్నాయి అంటావు. ధర కొన్నదానికంటే కిందికి పోయిన రోజున ఆరు డబ్బాలు తీసి మంచం కింద పెట్టాను. నీ ధర మీద నమ్మకం ఉందన్నాను, కానీ అంత నమ్మకం లేదు.

సీజన్ లెక్క ముగించుకుని డిస్ట్రిబ్యూటర్ మనిషి నిన్న వచ్చాడు. కొత్త కార్డు మాకే ఇచ్చాడు. మొదటి విడత పన్నెండు.

ఇది నీకు పార్సిల్లో కాదు, ఎదురుగా చెప్పాల్సిన మాట. ఎదురుగా చెప్తే నీ మొహం చూసి నేను మెత్తబడతాను. మెత్తబడటం ఇష్టం లేదు. సగం నీకు పంపేద్దామని మీ అన్నయ్య అప్పుడే అట్టపెట్టెలు తీశారు. నేను వద్దన్నాను. ఇన్నాళ్ళూ నీ ధర నేను అడక్కుండా తీసుకున్నాను. దానివల్ల ఇద్దరం మునిగాం. నాది నీకు అడక్కుండా రాదు. కావాలంటే అడుగు, ఇస్తాను. అన్నయ్యని కాదు, నన్ను అడుగు.

వదిన

*

మెట్ల కింది షాపు నుంచి,
గురువారం

వదినా,

పది రోజులుగా జవాబు రాయలేదని నీకు తెలుసు. కోపం కాదు. అలా అని కోపం కానిదీ కాదు.

రెండు లక్షల ఐదు వేలు పెట్టుకుని కూర్చుంటే నా దగ్గర ఆరింటిలో రెండు పోయాయి. నువ్వు నాకంటే ఇరవై వేలు ఎక్కువ పెట్టి ఎనిమిదీ అమ్మావు. ఆ అంకె చూసి నేను చేసిన మొదటి పని ఏమిటో చెప్తే నవ్వుతావు. నీ ధర కింద నువ్వు రాసిన ఆ మాటని నా షాపులో కూడా రాశాను. పొద్దున్నే ఒకడు వచ్చి "కార్డు పాడైతే బాగుచేసేది ఎవరండీ" అని అడిగాడు. నా వెనక గోడ ఉంది. మాట చెరిపేశాను.

కడుపు మండుతోంది. అబద్ధం రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు నా చోట్లో కూర్చున్నావని ఇన్నాళ్ళూ ఏడ్చాను. అక్కడ నేను కూర్చున్నన్నాళ్ళూ ఆ స్టూడియో అమ్మాయి వీధి చివరే ఉంది, నా కౌంటర్ ముందే నిలబడింది. పాడైతే ఏం చేస్తారని నన్నూ అడిగే ఉంటుంది. నాకు గుర్తు లేదు. ఏ కార్డు ఎంత వేగమో చెప్పి పంపేసి ఉంటాను. నువ్వు లాక్కుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. నువ్వు నాకంటే బాగా చేశావు. దానికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు.

అన్నయ్య ఫోన్ చేశాడు. "అడుగమ్మా, ఇస్తుంది" అన్నాడు. నీకు భయపడుతూ గొంతు తగ్గించి మాట్లాడాడు. నా ధరకి అన్నయ్య ఏ రోజూ గొంతు తగ్గించలేదు. ఫోన్ పెట్టేశాక ఎవరో వచ్చి మౌస్ కావాలన్నారు. ఇచ్చాను.

నాకు నాలుగు కార్డులు కావాలి. అన్నయ్యని కాదు, నిన్నే అడుగుతున్నాను. దానం వద్దు, నువ్వు కొన్న ధర మీద నీ లాభం వేసుకునే ఇవ్వు. పాడైనవి వస్తే అక్కడికే పంపుతాను, రిపేరు డబ్బులు అన్నయ్యకి. ఇక్కడ వచ్చేది ఎక్కువగా గేముల పిల్లలు, రైల్వే కాలేజీ పక్కన ఉండేవాళ్ళు, ఇద్దరు ముగ్గురు వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళు. వాళ్ళు ఎలాంటివాళ్ళో, ఏమేం అడుగుతారో వెనక పేజీలో నాకు తెలిసినంత రాశాను. చదువు.

చదివాక చెప్పు వదినా, ఎంత పెట్టమంటావు?